తెల్లచీర మీద బూడిద

నా చిన్నప్పుడు, డెబ్బైల చివర్లో, దేశ రాజధానిలోని జనక్‌పురిలో మాకు వంటకు అంగీఠీయే, అంటే బొగ్గుల కుంపటే దిక్కు. అడుగున పిడక ముక్కలు, పైన బొగ్గు, కాస్త కిరోసిన్. రాజుకునేదాకా దాన్ని వరండాలో ఉంచి, పొగ తగ్గాక లోపలికి తెచ్చుకునేవాళ్ళం. అక్కడ అందరూ చేసే పనే. మా పొగ మాత్రం తిన్నగా పైవాటాకు పోయేది. పైన ఏలూరు వైపు నుంచి వచ్చిన నర్సు ఆంటీ, ఉబ్బసం ఉన్న ఆవిడ కొడుకు ఉండేవారు.

"వదినా, కాస్త రోడ్డు పక్కన రాజేయరాదా? పిల్లోడు గుక్క తిప్పుకోలేకపోతన్నాడు" అని ఆవిడ బతిమాలేది. అమ్మ కూడా దగ్గుతూనే సరేననేది. చలి పెరగ్గానే అంగీఠీ మళ్ళీ వరండాలోకే వచ్చేది. చివరికి ఆంటీ ఇల్లు ఖాళీ చేసి, అద్దె తక్కువని యమున దగ్గర, బొగ్గుతో కరెంటు తీసే పవర్‌హౌస్ పక్క బస్తీలో గది తీసుకుంది.

తర్వాత నాన్న వంటకు కరెంటు హీటరు కొన్నారు. అమ్మ దగ్గు నిజంగానే తగ్గింది. ఆ సంబరంలోనే ఒక ఆదివారం ఆంటీని చూడబోయాం.

"మా ఇంట్లో ఇప్పుడు పొగన్నదే లేదమ్మా!" అన్నారు నాన్న.

ఆంటీ మమ్మల్ని డాబా మీదికి తీసుకెళ్ళింది. ఆరేసిన తన తెల్ల డ్యూటీ చీర మీద నన్ను చెయ్యి రాయమంది. నా అరచెయ్యి బూడిద బూడిదైంది. ఎదురుగా పవర్‌హౌస్ చిమ్నీలు.

"అచ్ఛా, పొగ లేదన్నారుగా అన్నయ్యగారూ? ఇదిగో, ఇక్కడుంది."

డ్యాముల నుంచి కూడా కరెంటు వస్తుందని నాన్న ఏదో చెప్పబోయారు. ఆ నీళ్ళ కింద ఎవరి ఇళ్ళున్నాయో వాళ్ళనడగమంది ఆంటీ.

"అయితే మళ్ళీ అంగీఠీ పెట్టుకోమంటావా?" నాన్నకు కోపం వచ్చింది.

"వదిన ఊపిరి పోవాలని నేనెందుకంటానండీ? నా కొడుకు ఊపిరి కూడా లెక్కలో వేసుకోండి అంటున్నా. ఈ చలికాలం వాణ్ణి మీ దగ్గర ఉంచుకోండి. అంతే."

అమ్మ నాన్న వైపు చూసింది. ఇల్లు ఇరుకన్నారు నాన్న. చలికాలం గడవకముందే ఆంటీ ఉద్యోగం వదులుకుని, కొడుకుతో ఏలూరు వెళ్ళిపోయిందని తెలిసింది.

నేను ఎలక్ట్రికల్ ఇంజనీరునై రిటైరయ్యాను. బొగ్గు, నీళ్ళు, గ్యాసు, ఎండ, వీటిలో ఏది మేలని మనవలు అడిగితే ఒక్కోదాని మంచీ చెడూ వరుసగా చెబుతాను. కానీ ఎవరైనా శుభ్రమైన కరెంటు అంటే చాలు, తెలియకుండానే అరచెయ్యి చూసుకుంటాను. ఆ చలికాలమంతా మా ముందుగది ఖాళీగానే ఉంది.