ఎడమ చెవిలో నిలవని ఇయర్‌బడ్

కరోనా లాక్‌డౌన్ ముగిసిన తర్వాత వచ్చిన రెండో వేసవిలో, వారానికి ఒక పూట తెలుగు నేత కార్మికుల పేట నీలం నగర్‌కు వెళ్లి పనిచేయమని మా ఆసుపత్రి నాకు ఉత్తర్వు ఇచ్చింది. అప్పటికి నా ఉద్యోగ విరమణకు ఇంకా రెండేళ్లు ఉన్నాయి. నేను సోలాపూర్‌లోని ఒక ధర్మాసుపత్రిలో సీనియర్ ఆడియాలజిస్టును. చాలామంది మమ్మల్ని చెవి డాక్టర్లనుకుంటారు. మందు ఇచ్చేది, కోత కోసేది ఈఎన్‌టీ డాక్టరు. ఏ చెవికి ఎంత వినిపిస్తోంది, ఏ శ్రుతి దగ్గర తగ్గింది అని కొలిచి ఆయనకు కాగితం ఇచ్చేది, వినికిడి యంత్రం అమర్చేది మేము.

నీలం నగర్ పని నేను అడిగి తెచ్చుకున్నదే. పవర్‌లూమ్ షెడ్లలో పనిచేసేవాళ్లకు ఏళ్ల తరబడి స్పాంజి ఇయర్‌ప్లగ్గులు పంచాము. ఎవరూ పెట్టుకోలేదు. కానీ వాళ్లలో చాలామంది చెవుల్లో పాటల ఇయర్‌బడ్స్ ఉండేవి. మగ్గాల చప్పుడు మీద పాట వినపడాలని శబ్దం చివరిదాకా పెంచేవారు. అంటే చెవికి రెండు దెబ్బలు. మాన్పించలేనప్పుడు, వాటినే చెవికి సరిగ్గా కూర్చోబెడదామని ప్రతిపాదించాను. బడ్ చెవి రంధ్రాన్ని గాలి చొరకుండా మూసివేస్తే బయటి చప్పుడు లోపలికి రాదు, అప్పుడు పాట సగం శబ్దంలోనే వినిపిస్తుంది. మా విభాగాధిపతి ఒప్పుకున్నారు. ప్రతి గురువారం ఒక సమాజ మందిరంలో బల్ల వేసుకుని కూర్చునేదాన్ని.

పని చిన్నదిగా కనిపిస్తుంది కానీ దానికో పద్ధతి ఉంది. ఇయర్‌బడ్స్‌తో పాటు డబ్బాలో బడ్ కొసకు తొడిగే రబ్బరు మూతులు మూడు సైజుల్లో వస్తాయి. నూటికి తొంభైమంది మధ్య సైజుతోనే కాలం గడుపుతారు. ఒకే మనిషికి రెండు చెవి రంధ్రాలు ఒక్కలా ఉండవు, కాబట్టి ఒక్కో చెవికి ఒక్కో సైజు ఎంచాలి. పెట్టుకునేటప్పుడు అవతలివైపు చేతిని తల మీదుగా తెచ్చి చెవి డొప్పను పైకి, వెనక్కి లాగాలి. అప్పుడు లోపలి వంపు తిన్నగా అవుతుంది. సందు మిగిలితే ముందుగా పోయేవి మంద్ర శబ్దాలు. పాటలో డోలు పలచబడిందంటే బడ్ సరిగ్గా కూర్చోలేదని గుర్తు. రబ్బరు మూతి కుదరని చెవికి స్పాంజి మూతి. అదీ కుదరకపోతే చెవిలో మెత్తని సిలికాన్ ముద్ద నింపి, ఐదు నిమిషాలాగి అచ్చు తీసి, ఆ కొలతకు తొడుగు చేయించాలి.

మొదటి నెలలోనే రాజేశం అనే నేత కార్మికుడు, టవల్ మగ్గాల మీద పనిచేసేవాడు, పెద్ద మూతి నుంచి చిన్న మూతికి మారి ఫోనులో శబ్దం సగానికి తగ్గించాడు. నాకు చాలా గర్వంగా అనిపించింది. తర్వాతి గురువారం అతను భార్యను వెంటబెట్టుకొచ్చాడు.

"నావి బరాబర్ కూసున్నయి మేడం. మా ఇంట్లామెకు గూడ జర చూడుండ్రి" అన్నాడు.

ఆమె పేరు భూదేవి. నలభైకి దగ్గరలో ఉంటుంది. ఇంట్లో కూర్చుని బీడీలు చుడుతుంది. ఇంటి కింది వాటాలోనే నాలుగు మగ్గాలు. చెల్లెలు అనసూయ ఇదివరకు పక్క సందులోనే ఉండి రోజూ బీడీల చాట తెచ్చుకుని అక్క పక్కన కూర్చునేది. ఊరవతల కుంభారి కాలనీలో ఇల్లు వచ్చి అక్కడికి మారాక, ఇద్దరూ పొద్దున ఫోను కలుపుకుని మధ్యాహ్నం దాకా పెట్టేసేవారు కాదు. బీడీ చుట్టేవాళ్లకు రెండు చేతులూ ఖాళీ ఉండవు. అందుకే ఇయర్‌బడ్స్.

"కుడి తట్టుది మంచిగనే ఉంటది మేడం. ఎడమ తట్టుది కూసోదు. అనసూయ మాట్లాడితే ఆవాజ్ వస్తది గని, మాట సమజ్ గాదు" అంది భూదేవి.

"కొత్తవేనా ఇవి?" అని అడిగాను.

"మూడో జోడు. ఏం తెచ్చినా ఎడమ తట్టుదే ఖరాబ్ అయితది."

నేను నవ్వాను. రాజేశమూ నవ్వాడు. చవక రకం కొంటే అంతే అన్నాను.

ఈ మాటలు నాకు ఇంత స్పష్టంగా గుర్తుండటానికి కారణం, ఆ రోజు నేను వాటిని వినకపోవడమే. సందు వల్ల శబ్దం పోతే గొంతు పలచబడుతుంది, దూరంగా వినిపిస్తుంది, మాట మాత్రం తెలుస్తుంది. శబ్దం వచ్చి మాట తెలియకపోవడం వేరే సంగతి. ఇది మా చదువులో మొదటి ఏడాది పాఠం. నేను టార్చి దీపం వేసి ఆమె ఎడమ చెవిలోకి చూశాను. రంధ్రం కుడివైపు కన్నా కాస్త ఇరుకుగా, వంపుగా కనిపించింది. కారణం దొరికిందనుకున్నాను.

మొదటి వారం చిన్న మూతి ఇచ్చాను. రెండో వారం స్పాంజి మూతి. మూడో వారం అచ్చు తీశాను, నాలుగో వారం తొడుగు అమర్చాను. అమర్చిన ప్రతిసారీ "ఇప్పుడెట్లుంది?" అని అడిగేదాన్ని. "జర నయం మేడం" అనేది. నా కష్టం చూసి మొహమాటానికి అంటోందని నాకు తట్టలేదు. నిబంధన ప్రకారం చెవిలో ఏది అమర్చాలన్నా ముందు వినికిడి పరీక్ష జరగాలి. మందిరం చుట్టూ మగ్గాలే, అక్కడ ఆ పరీక్ష కుదరదు. ఆసుపత్రిలో శబ్దం చొరని గదికి రావాలి. వస్తే ఆమెకు ఒక రోజు బీడీలు పోతాయి. "తర్వాత వస్త" అంది. ఆమె వివరాల కార్డు మీద పరీక్ష గడిలో నేను "తర్వాత" అని రాశాను. నాలుగు వారాలూ ఆ మాట అలాగే ఉంది.

ఐదో గురువారం భూదేవితో పాటు అనసూయ కూడా వచ్చింది. కుంభారి నుంచి బస్సులో వచ్చిందట. తొడుగు ఇంకా వదులుగా ఉందేమోనని నేను రెండోసారి అచ్చు తీయడానికి సిద్ధమవుతున్నాను.

"ఒక్కటే మాట నాల్గు సార్లు చెప్తున్న మేడం. అక్క నా మీద గుస్స అయిందేమో అనుకున్న" అంది అనసూయ.

ఆమె తన ఇయర్‌బడ్స్ తీసి, కొంగుతో తుడిచి అక్క చెవులకు పెట్టింది. వెంటనే కుడి చెవిలోది తీసేసి ఎడమది మాత్రమే ఉంచింది. అంతకుముందు తను పంపిన వాయిస్ మెసేజ్ ఒకటి వినిపించింది.

"ఏమంటున్న చెప్పు."

"ఏందో అంటున్నవు" అంది భూదేవి.

అనసూయ ఆ బడ్‌నే తీసి అక్క కుడి చెవికి ఆనించి వేలితో పట్టుకుంది.

"రేపటికి ఆకు తడిపి పెట్టుకో, పదింటికల్ల నేను వస్త అంటున్నవు" అని భూదేవి పొల్లుపోకుండా చెప్పింది.

తర్వాత ఇంకో మెసేజ్ పెట్టి, కుడివైపు బడ్‌ను ఎడమ చెవికి ఆనించింది. "ఏందో అంటున్నవు" అని మళ్లీ అదే జవాబు.

అనసూయ నా వైపు తిరిగింది. "బడ్స్ ఖరాబ్ లేవు మేడం. మా అక్క చెవే ఇంటలేదు."

ముప్పై ఏళ్లకు పైగా చెవులు చూసినదాన్ని. నా చేతిలో సిలికాన్ ముద్ద గట్టిపడిపోయేదాకా అలాగే కూర్చుండిపోయాను. మగ్గాల చప్పుడు చెవులను పాడుచేస్తే రెంటినీ పాడుచేస్తుంది, ఒక్కదాన్ని కాదు. ఒక్క చెవిలో మాట తెలియకుండా పోతోందంటే లోపం చెవిలో కాక, చెవి నుంచి మెదడుకు వెళ్లే నరంలో ఉందేమోనని మొదట అనుమానించాలి. సంచిలోంచి ట్యూనింగ్ ఫోర్క్ అనే శ్రుతిదండం తీసి మోకాలికి కొట్టి భూదేవి నుదుటి నడిమి పెట్టాను. ఎక్కడ వినిపిస్తోందని అడిగితే కుడివైపు అని చూపించింది. బయటి చెవిలో అడ్డు ఉంటే ఎడమవైపు అనాలి. నేను చేసిన అమరికలన్నీ లోపం అక్కడే ఉందని నమ్మి చేసినవే.

అప్పుడడిగాను, నడిచేటప్పుడు ఎలా ఉంటుందని.

"మెట్లు దిగంగ ఒక తట్టుకు గుంజుతది. గోడ పట్టుకుంట" అంది.

బల్ల మూసేసి, ఇద్దరినీ ఆటోలో ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాను. పరీక్ష నేనే చేశాను. ఎడమ చెవిని కొలిచేటప్పుడు కుడిది సాయం చేయకుండా అందులో గాలి హోరు లాంటి చప్పుడు పెడతాము. వట్టి శబ్దాల పరీక్షలో ఎడమ చెవి మరీ ఘోరంగా ఏమీ లేదు. తర్వాత మాటల పరీక్ష. ఇరవై ఐదు చిన్న మాటలు చదువుతాము, విన్నది తిరిగి చెప్పాలి. కుడి చెవితో ఒక్కటి తప్పింది. ఎడమ చెవితో ఐదు చెప్పగలిగింది. శబ్దం పెంచి ఇంకో పట్టిక చదివాను. మామూలు చెవుడైతే పెంచితే మెరుగవుతుంది. ఆమె రెండే చెప్పింది. అద్దం అవతల చేతులు ఒళ్లో పెట్టుకుని, నా నోటి వైపు చూస్తూ, తప్పు చెబుతున్నానని తెలియక బుద్ధిగా జవాబులు చెబుతోంది. నేను పట్టిక చివరిదాకా చదివాను.

మా ఈఎన్‌టీ డాక్టరు కాగితం చూసి వెంటనే ఎంఆర్ఐ రాశారు. రెండు రోజులకు వచ్చిన చిత్రంలో, ఎడమవైపు వినికిడి నరం మీద రేగుపండంత గడ్డ ఉంది. క్యాన్సర్ కాదు, కానీ పెరిగి మెదడు కాండాన్ని ఆనుకుంది. ఇంకా పెరిగితే ప్రాణానికే ముప్పు.

"మీ దగ్గరకు ఎప్పుడొచ్చింది?" అని డాక్టరు అడిగారు.

నాలుగు వారాలు దాటిందన్నాను. ఆయన కార్డు తిప్పి "తర్వాత" అన్న మాట చూశారు. కార్డు నాకే తిరిగిచ్చారు. కోప్పడి ఉంటే తేలిగ్గా ఉండేది.

భార్యాభర్తలకు ఆయన విషయం చెప్పారు. నా భాగం నేను చెప్పాలి కాబట్టి చెప్పాను. మొదటి రోజే పరీక్ష చేయవలసింది నేను, చేయలేదు, తప్పు నాది అన్నాను. రాజేశం తల వంచుకున్నాడు. భూదేవి నా వైపు తిరిగింది.

"ఆవాజ్ వస్తది, మాట సమజ్ గాదని మొదాల్నే చెప్పిన గద మేడం. మీరు చెవి చూసిన్రు. నేను చెప్పింది ఇనలే" అంది.

గొంతులో కోపం లేదు. జరిగింది చెప్పింది, అంతే.

ఆపరేషన్ పుణెలో జరిగింది. తొమ్మిది గంటలు పట్టింది. గడ్డ తీసేశారు, దానితోపాటు ఎడమ చెవి వినికిడి పూర్తిగా పోయింది. కొన్ని నెలలు ఎడమ కన్ను సరిగ్గా మూతపడక రాత్రిళ్లు పట్టీ వేసుకుంది. తర్వాత కోలుకుని మళ్లీ చాట ఒళ్లో పెట్టుకుంది. నాలుగు వారాల ఆలస్యం వల్ల ఫలితం మారలేదని శస్త్రవైద్యుడు రాశారు. అది ఆమె అదృష్టం. నేను దాన్ని నాకు అనుకూలంగా వాడుకోలేదు.

జరిగినదంతా రాసి విభాగాధిపతికి ఇచ్చాను. గురువారం బల్లను రెండు నెలలు ఆపి, పద్ధతి మార్చి మళ్లీ మొదలుపెట్టాము. ఒక్క చెవి గురించి ఫిర్యాదు చేసేవాళ్ల బడ్స్ ముందు అటుది ఇటు మార్చి చూస్తాము. లోపం బడ్ వెంట వెళితే బడ్‌ది. చెవి దగ్గరే ఉండిపోతే ఆ రోజే ఆసుపత్రికి పంపిస్తాము, మూతి మార్చము, అచ్చు తీయము. కార్డు మీద పరీక్ష గడిలో "తర్వాత" అని రాయడాన్ని నిషేధించాము. తేదీ రాయాలి, లేకపోతే ఎందుకు జరగలేదో కారణం రాసి సంతకం పెట్టాలి.

నేను నేర్చుకున్నది ఇంతే. చేతిలో మంచి పరిష్కారం ఉన్న నిపుణుడు, వచ్చిన ప్రతి ఫిర్యాదునూ ఆ పరిష్కారానికి సరిపోయేలా వింటాడు. రోగి చెప్పినదాన్ని రోగి మాటల్లోనే కార్డు మీద ముందు రాయాలి, చెవిలోకి చూడడం ఆ తర్వాత.