సీసపు పట్టీల మధ్య గూడబాతు

యూఏఈలోని ఉమ్ అల్ క్వైన్‌ ఇండస్ట్రియల్ ఏరియాలో ఉన్న మా గాజు వర్క్‌షాపుకు ఆ పెద్దావిడ వచ్చిన రోజు మేమందరం ఇంకా మాస్కులు కట్టుకునే ఉన్నాం. కరోనా వల్ల ఆగిపోయిన పని అప్పుడప్పుడే మళ్లీ మొదలవుతోంది. మేము చేసేవి ఆఫీసుల పార్టిషన్లు, షవర్ తలుపులు, దుకాణాల ముందు పెట్టే అద్దాలు. ఆవిడ చేతిలో మాత్రం అట్ట ఊడిన ఒక పాత నోటుపుస్తకం ఉంది.

ఆవిడది యూరప్. దుబాయ్‌లో చాలా ఏళ్లు పిల్లలకు చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఆ పుస్తకం వాళ్ల తాతగారిది. ఆయన బైండింగ్ పని చేస్తూ, తన దగ్గరికి వచ్చిన పాత రసవాద గ్రంథాల్లోని బొమ్మలను చూసి చేత్తో గీసుకునేవారట. ఆవిడ ఒక పేజీ తెరిచి మేము ముదీర్ అని పిలిచే మేనేజరు ముందు పెట్టారు. తన తోకను తానే కరుచుకుని గుండ్రంగా చుట్టుకున్న పాము. లోపల ఒక పక్క ముఖమున్న సూర్యుడు, ఇంకో పక్క చంద్రుడు. నడుమ ఒక పక్షి తన రొమ్మును ముక్కుతో చీల్చుకుని, నోళ్లు తెరిచిన మూడు పిల్లలకు మూడు నెత్తుటి బొట్లు తాగిస్తోంది.

"ఇది మా మెట్ల దగ్గర రంగుగాజు కిటికీగా కావాలి" అన్నారావిడ.

ముదీర్ నా వైపు చూపించాడు. అంతకు ముందు ఒక హోటల్‌కు రంగుగాజు దీపాలు రెండు చేసింది నేనే. గల్ఫ్‌కు రాకముందు జగిత్యాలలో పటాలు కట్టే దుకాణంలో పని చేశాను. లక్ష్మీదేవికీ, వెంకన్నకూ, ఏసుప్రభువుకూ, మక్కా పటానికీ అద్దం కోసి ఇచ్చిన చేతులు ఇవి. అయినా ఆ పేజీ చూసినప్పుడు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

నా పక్క బల్ల మీద పనిచేసే అతనిది కొల్లేటి పక్క ఊరు. ఆవిడ వెళ్లాక బొమ్మ చూసి నవ్వాడు.

"ఇది పెలికానంట, అంటే మన గూడబాతు, ఆవిడే చెప్పింది. మా కొల్లేట్లో రోజూ చూసేవోళ్లం బావా. దాని ముక్కు కింద సంచి ఏలాడతా ఉంటాది. ఇదేమో గద్దలా ఉంది."

మరుసటి వారం ఆవిడ వచ్చినప్పుడు, నాకు వచ్చిన హిందీ, ఇంగ్లీషు కలిపి ఆ మాటే అడిగాను. బొమ్మ తప్పుగా ఉంది మేడం, సరిచేసి కోయమంటారా అని. ఆవిడ కుర్చీ లాక్కుని నా బల్ల ముందు కూర్చున్నారు.

"గీసినవాళ్లు ఆ పక్షిని ఎప్పుడూ చూడలేదు. తన నెత్తురిచ్చి పిల్లలను బతికించుకుంటుందని కథ విన్నారు, అంతే. వాళ్లు కథను గీశారు" అన్నారు. "రసవాదులు మందు కాచే ఒక గాజు పాత్రకు కూడా ఇదే పేరు. దాని మెడ వంగి మళ్లీ దాని పొట్టలోకే దిగుతుంది."

నాకు మా వైపు ఒక గుడి స్తంభం మీద ఉన్న గండభేరుండం గుర్తొచ్చింది. ఆ రెండు తలల పక్షి ఏ అడవిలో ఉంటుందని మా ఊళ్లో ఎవరూ అడగలేదు. ఆ తర్వాత గూడబాతు ముక్కు సంగతి నేను ఎత్తలేదు.

మిగతావి కూడా ఆవిడే చెప్పారు. పాముకు మొదలూ చివరా ఒకే చోట ఉన్నాయి, ఉన్నదంతా ఒకటేనని దాని అర్థం. సూర్యుడు రాజు, చంద్రుడు రాణి. ఆ ఇద్దరూ కలిస్తేనే పని పూర్తవుతుంది. చంద్రుడు ఆడమనిషి అనగానే నవ్వొచ్చింది, మనకు ఆయన మామ కదా. సీసాన్ని బంగారం చేస్తామని బయటికి చెప్పినా, ఆ విద్యలో లోతు తెలిసినవాళ్లకు సీసమంటే మనిషి మనసేనట. చిన్నప్పుడు కథల్లో విన్న పరుసవేది ఇంత దూరం ప్రయాణం చేసిందని అప్పుడే తెలిసింది.

ప్రతి ముక్కకూ కాగితపు ఫర్మాలు కోసి, గాజు పలకలు తెప్పించుకుని పని మొదలుపెట్టాను. పాము సగం అయ్యేసరికి వర్క్‌షాపులో గుసగుసలు బయలుదేరాయి. ఈ దేశంలో మంత్రతంత్రాలు నేరమని అందరికీ తెలుసు. ఒకరోజు ముదీర్ వచ్చి నా బల్ల మీద చెయ్యి వేశాడు.

"ఏ సబ్ జాదూ హై. ఖలాస్, బంద్ కరో."

"ఇది చేతబడి కాదు సాబ్, దీనికి అర్థముంది" అన్నాను. అతను వినలేదు. సంగతి అర్బాబ్‌ దాకా వెళ్లింది. అర్బాబ్ అంటే మా యజమాని, పెద్ద వయసు అరబ్బు, మాతో హిందీ మాట్లాడతాడు. ఆయన వచ్చి కళ్లజోడు పెట్టుకుని, బల్ల మీద పరిచిన గాజు ముక్కలను చాలాసేపు చూశాడు.

"చేసేది నువ్వు కదా, నువ్వే చెప్పు ఇదేమిటో" అన్నాడు.

పాము దగ్గర మొదలుపెట్టి, రాజూ రాణీ మీదుగా గూడబాతు దాకా వచ్చాను. ఎక్కడా తడుముకోలేదు. అంతమంది ముందు అంతసేపు మాట్లాడటం నా జీవితంలో అదే మొదటిసారి.

"కీమియా" అన్నాడాయన, ఎప్పుడో మర్చిపోయిన చుట్టాన్ని గుర్తుపట్టినట్టు. ముదీర్ వైపు తిరిగాడు. "రసవాదానికి ఈ పేరు మాది. మా పుస్తకాలు యూరప్ వెళ్లాకే వాళ్లు ఈ విద్య నేర్చుకున్నారు. ఇంటికి కిటికీ చేస్తుంటే భయమెందుకు?" నా భుజం తట్టి, "యల్లా, పని చూసుకో" అన్నాడు.

చంద్రుడి ముఖాన్ని చెక్కే మిషన్ సన్నని బిట్‌తో గాజు మీద చెక్కేటప్పుడు పుస్తకంలోని ముఖం నా చేతికి రాలేదు. వచ్చిన ముఖం మా ఆవిడది. మేడంకు చూపించి నిజమే చెప్పాను. "రాణి కదా, అలాగే ఉండనీ" అన్నారు. ఆ శుక్రవారం వీడియో కాల్‌లో ఆ ముక్కను కెమెరా ముందు పెట్టాను.

"గీ ముక్కు నాదే గదా" అంది మా ఆవిడ.

"నీదే."

"మరి ముక్కుపుల్ల ఏది?"

ఆమె అన్నదీ న్యాయమే. ఒక చిన్న చుక్క పెట్టాను.

అన్నిటికన్నా కష్టమైనవి ఆ మూడు నెత్తుటి బొట్లు. వాటి కోసం మేడం యూరప్ నుంచి అరచేయంత గాజు ముక్క ఒకటి తెప్పించారు. కరిగిన గాజులో బంగారం కలిపితే వచ్చే ఎరుపట అది. ఇంకో ముక్క లేదు. బొట్టు మెడ లోపలికి వంగి ఉంటుంది, గాజుకు అలాంటి వంపంటే పడదు. మొండికేసి అడ్డంగా చీలుతుంది. మొదటి బొట్టు బాగానే వచ్చింది. రెండోదానికి గీత గీసి తడుతుండగా చీలిక గీత దాటబోయింది. ఆపి, పలకను తిరగేసి, అవతలి వైపు నుంచి మెల్లగా తట్టాను. చీలిక మళ్లీ గీత దారే పట్టింది. పక్క బల్ల అతను తన గ్రైండర్ ఎప్పుడు ఆపేశాడో నేను గమనించలేదు. మూడో బొట్టు నీళ్లలో కడిగి వెలుతురుకు పట్టినప్పుడు అతను "నీ చేతికి దణ్ణం బావా" అన్నాడు. ఆ మాట నేను కాదనలేదు. అలాంటి కోత కోయగలవాణ్ని ఆ వరస వర్క్‌షాపుల్లో నేనొక్కణ్నేనని నాకు తెలుసు.

ముక్కలన్నిటినీ సీసపు పట్టీల్లో పొదిగి, కీళ్లకు మాటు వేసి, ఒక పొద్దున మేడం ఇంట్లో బిగించాం. ఎండ మెట్ల మీద రంగురంగులుగా పడింది. ఆవిడ కింది మెట్టు మీద కూర్చుని చూశారు. తర్వాత లేచి నా చేతికి చెక్కే మిషన్ ఇచ్చారు.

"తాత పుస్తకంలో ఈ బొమ్మలు మొదట ఎవరు చేశారో ఎక్కడా లేదు. నీ పేరు ఉండాలి."

"ఏ భాషలో మేడం?"

"నీ భాషలో."

ఇరవై ఏళ్లుగా అద్దాలు కోస్తున్నాను, ఒక్కదాని మీద నా పేరు లేదు. పాము మెడ పక్కన, ఆకుపచ్చ ముక్క మీద, తెలుగులో నా పేరూ దాని కింద మా ఊరి పేరూ చెక్కాను.

ఆ కిటికీ చూసినవాళ్లు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు. ఇప్పుడు మా దగ్గర రంగుగాజుకు వేరే గది ఉంది, నలుగురం పనిచేస్తాం, ఆ పనికి పెద్దను నేనే. ఖోర్ ఫక్కాన్‌లో ఒక ఇంటికి దానిమ్మ చెట్టు చేశాం, ఒక చర్చికి గొర్రెపిల్ల చేశాం. బొమ్మ పట్టుకొచ్చిన వాళ్లను ముదీర్ నేరుగా నా దగ్గరికే పంపిస్తాడు. నేను కుర్చీ వేసి కూర్చోబెట్టి, దీని అర్థమేమిటో ముందు చెప్పండి అంటాను. వాళ్లు చెప్పేదాకా కటర్ ముట్టుకోను.