చింతమాకుల వాళ్ళ తొండ

దావీదురాజుకు మనిషి కనబడితే ఇంటిపేరు అడగాల. అడక్కపోతే ఆ పూట అన్నం దిగదు. బతికున్నోళ్ళను అడిగితే పోనీలే అనుకోవచ్చు. ఆయన సచ్చినోళ్ళను గూడా అడిగేవాడు.

బస్సు కండక్టరుగా ఉన్న కాలంలో, కర్నూల్లో ఎక్కినోళ్ళు ఓర్వకల్లులో దిగేలోపల సగం బస్సును మిగతా సగానికి చుట్టాలను చేసి పెట్టేవాడు.

“యాడికప్పా?”

“నన్నూరుకు ఒకటియ్యి.”

“ఇస్తాలే. ఇంటిపేరేంది?”

“టికెట్టుకు ఇంటిపేరెందుకు?”

“ముందు సీట్లో ఉండే పెద్దాయప్ప నీకు మేనమామ అయితాడేమో. ఆయన ఈపుకు కాళ్ళు తన్నిపెట్టి కూచుంటే ఎట్ల?”

ఓర్వకల్లు కాడ ఫ్యాక్టరీలో మిషన్లు బిగించేదానికి చైనా నుంచి ఒక ఇంజినీరు వచ్చినాడు. దావీదురాజు ఆయన్నూ వదల్లేదు. తర్జుమా చేసేటాయనను అడ్డం పెట్టుకొని అడిగితే, ఇంటిపేరు లిన్ అనీ, అంటే అడివి అనీ, తమ దేశంలోనూ ఇంటిపేరే ముందు చెప్పుకుంటామనీ, ఏడాదికొకసారి పోయి పెద్దల సమాధులు ఊడ్చి వస్తామనీ చెప్పినాడు. దావీదురాజు ఆనందం పట్టలేక ఇంటికి పరిగెత్తుకొచ్చినాడు.

“ఏమే గిడ్డమ్మా, ఆత్మకూరులో అడివోళ్ళు ఉండారు సూడు. ఈయప్ప ఆళ్ళకు దాయాది!”

“ఆత్మకూరోళ్ళు చైనాకు ఎప్పుడు పోయిరి?” అన్నది భార్య, సంగటి కెలుకుతా.

“పోలేదే. చైనా నుంచే ఈడికొచ్చిరి. అంతదూరం నడిచి కాళ్ళు నొచ్చి ఆత్మకూరులో ఆగినారు.”

ఇవన్నీ నవ్వుకునే మాటలు. నవ్వురానిది ఒకటుంది.

చర్చి వెనక పాత సమాధులుండాయి. మిట్టమధ్యాహ్నం ఆ పక్క కుక్క గూడా తిరగదు. దూరంగా గుట్టలమీద బండలు మనుషులు కూచున్నట్టు ఉంటాయి. ఎండకు గాలి అల్లాడితే ఆ కూచున్నోళ్ళు లేస్తున్నట్టు ఉంటాది. సరిగ్గా ఆ పొద్దుకే దావీదురాజు సమాధుల మధ్యలో వంగి మాట్లాడుతుంటాడు.

“ఏమ్మా, నీ పుట్టింటోళ్ళు యాడోళ్ళు? వెల్దుర్తా? బేతంచెర్లా?”

కాలే రాతికి చెవి ఆనించి ఆగుతాడు. రాతిమీద మెడ ఎర్రబారిన తొండ ఒకటి ఉంటుంది. అది తలకాయ కిందికీ మీదికీ ఆడిస్తే ఔనని. ఆడించకపోతే కాదని.

తొండ చెప్పింది నిజమవుతుండె. అదీ భయం. గోపన్న కూతురికి సంబంధం కుదిరినాక, “వద్దప్పా, వరసకు అన్నాచెల్లెళ్ళయితారు, తొండ తలకాయ ఆడీలేదు” అని అడ్డం పడినాడు. ఊరంతా ఆయన్ను తిట్టింది. తీరా ముసలోళ్ళు కూచుని లెక్క తీస్తే రెండిండ్లకూ ముత్తాత ఒక్కడే. నడి ఎండాకాలంలో గోపన్న దుప్పటి కప్పుకొని వణికినాడు.

పాస్టరుగారు పిలిపించి మందలించినాడు. “సమాధులతో మాట్లాడడం తప్పు, దావీదురాజూ.”

“ఇంటిపేరు తప్ప వేరే మాట్లాడను అయ్యగారూ. నిన్న మీ ఇంటిపేరు గూడా అడిగినా.”

పాస్టరుగారు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, “ఏమన్నాది?” అన్నాడు.

ఇన్ని పిచ్చిచేష్టల్లోనూ ఆయనకు ఒక నీతి ఉండె. తొండ మాటకు ఒక్క మాట కలపడు, తియ్యడు. ఒక పెద్దమనిషి తనను జమీందారు వంశంలో కలపమని కోడిపుంజు పంపితే, పుంజును వెనక్కి పంపి, “అది ఆడీలేదప్పా, నేనేం జేసేది?” అన్నాడు.

ఆయనంటే అందరికన్నా భయం కృపారాణికి. ఏసుకుమార్ చెయ్యి పట్టుకొని కోడలుగా ఆ ఊర్లో బండి దిగిన పూటే దావీదురాజు ఎదురొచ్చినాడు.

“పుట్టింటోళ్ళ ఇంటిపేరేందమ్మా?”

“లేదు మామా.”

కడప రైలుస్టేషనులో దొరికిన పసిపిల్ల ఆమె. హాస్టల్లో పెరిగింది. పేరంటే హాస్టలమ్మ పెట్టింది గానీ, ఇంటిపేరు ఎవరు పెడతారు?

“లేకపోవడమనేది ఉండదమ్మా,” అన్నాడు దావీదురాజు. “తెలీకుండా ఉంటాది, అంతే.”

ఇంక మొదలాయె. ఎప్పుడు ఎదురుపడినా అదే మాట. “మైదుకూరు సమాధులయిపోయినాయి పాపా. ఈతూరి వేంపల్లెకు పోతాండా.”  ఎక్కడో తెలియని ఊర్లో, మట్టికింద ఎవరో తన పేరు విని ఇటు తిరిగినట్టుండేది కృపారాణికి. ఆయన స్కూటరు చప్పుడు వినపడితే తలుపు చాటుకు పోయేది.

మొన్నటి ఎండల్లో ఏసుకుమార్ వడదెబ్బకు పోయినాడు. ప్రార్థనలు అయిపోయినాయి, వచ్చినోళ్ళు వెళ్ళిపోయినారు. అప్పుడు వచ్చింది అసలు చిక్కు. మొగుడు పోయిన ఆడమనిషి పుట్టింటికి పోయి ఒక రాత్రి నిద్ర చేసి రావాల. అప్పటిదాకా ఇంకొకరి గడప తొక్కకూడదు. చర్చికి పోయేవాళ్ళయినా ఆ ఊర్లో ఇది తప్పరు. బడిలో పిల్లోళ్ళకు అన్నం వండే పని కృపారాణిది. “నిద్ర చేసి రాకుండా పొయ్యి ముట్టించొద్దు” అన్నారు తోటివాళ్ళు. బడి తెరిచేలోపల పోకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. ఆ పని పోతే అత్తాకోడళ్ళకు కూడు లేదు.

“యాడికని పంపేది దేవా?” అని అత్త విశ్వాసమ్మ నెత్తి పట్టుకున్నది. “ఆ హాస్టలు గూడా మూసేసిరి.”

మిట్టమధ్యాహ్నం స్కూటరు వచ్చి వాకిట్లో ఆగింది. ఈసారి వెనక గిడ్డమ్మ గూడా ఉండాది. కృపారాణి తలుపు చాటుకు పోయింది.

“విశ్వాసమ్మా, పాప ఇంటిపేరు దొరికింది. చింతమాకుల.”

“చింతమాకుల మీ ఇంటిపేరు గదప్పా!”

“అదే చెప్తాండా. మా చిన్నాయన ఒకాయన కడపకు పోయి మళ్ళీ రాలేదు. ఆయన మనవరాలు. నాకు కూతురు వరస.”

విశ్వాసమ్మ లెక్క వేసుకున్నది. “నా కొడుకు నిన్ను చిన్నాయనా అంటుండె గదా! అట్లయితే మొగుడూ పెండ్లామూ అన్నాచెల్లెళ్ళయిరి గదప్పా!”

 దావీదురాజు చెమట తుడుచుకున్నాడు. “వాడు నన్ను మామా అనాల్సిండె. వరస నేనే తప్పు చెప్పినా.”

గిడ్డమ్మ గబుక్కున మొగుని వైపు తిరిగింది. ఈయన వరస తప్పినానని ఒప్పుకోవడం ఆమె పుట్టినాక వినడం ఇదే మొదలు.

“తొండను అడిగితివా?” అన్నది విశ్వాసమ్మ.

“అడిగేదానికే పోతాండాం. రాండి.”

సమాధుల కాడ గాలి లేదు. చప్పుడు లేదు. బండలు వరసగా కూచుని చూస్తున్నాయి. దావీదురాజు తన నాయన సమాధి ముందర వంగినాడు. రాతిమీద తొండ ఉండె, నెత్తురు మాదిరి ఎర్రటి మెడతో.

“నాయనా, ఈ పాప మన ఇంటిదేనా?”

తొండ కదల్లేదు.

“నాయనా, నిన్నే.”

తొండ రెప్ప గూడా వెయ్యలేదు. 

“ఆడిచ్చింది!” అన్నాడు దావీదురాజు గట్టిగా. “సూసినారా?”

గిడ్డమ్మ తొండను చూసి, మొగుని మొగం చూసింది.

“ఆఁ, ఆడిచ్చింది,” అన్నది గిడ్డమ్మ.

విశ్వాసమ్మ కొంగుతో మొగం తుడుచుకొని, “నేను గూడా సూసినా. నడువు, కోడలి బట్టలు సర్దాల,” అని ముందు నడిచింది.

సాయంత్రం దావీదురాజు ఇంటి గడప ముందర గిడ్డమ్మ కృపారాణిని ఆపింది, పెండ్లికూతుర్ని ఆపినట్టు. లోపల సంగటి వాసన వస్తాండాది. దావీదురాజు అలవాటు మాన్తాడా?

“ఇంటిపేరేందమ్మా?”

“చింతమాకుల, నాయనా.”

గడప తొక్కి లోపలికి వచ్చినాక కృపారాణి మెల్లగా అన్నది: “మీరంతా తిరుక్కొని పోతాంటే నేను ఎనక్కి సూసినా నాయనా. అప్పుడు ఆడిచ్చింది. నన్నే సూస్తా, మూడుతూర్లు.”

 దావీదురాజు మంచం కోడు పట్టుకొని కూలబడినాడు.

“నిజంగానా పాపా?”

“నిజంగానే.”

“నాకు చిన్నాయనే లేడు గదమ్మా!” అన్నాడు వణుకుతా.

గిడ్డమ్మ దుప్పటి తెచ్చి మొగునికి కప్పింది. అన్ని దినాల తర్వాత కృపారాణికి నవ్వొచ్చింది.