తిరుపాలమ్మ బాటనీ రికార్డు

సింహాద్రిపురం దారిలో ఎవర్ని నిలేసి అడిగినా చెప్తారు. తిరుపాలమ్మ పెన్సిలు చెక్కి, బాటనీ రికార్డు పుస్తకంలో "పూయండి" అని ఒక్క మాట రాసింది. తెల్లవారేసరికి నాలుగు నూర్ల చీనీచెట్లు, అదే బత్తాయిచెట్లు, ఒక్క కొమ్మ తప్పకుండా పూసినాయి. పులివెందుల బస్సు ఆ వాసనకు దారి మరిచి తోటలోకి తిరుక్కుంటే, కండక్టరు దిగి "ఇదేనా స్టాండు?" అని అడిగినాడంట. జమ్మలమడుగులో పదేండ్లుగా ముక్కు పని చెయ్యని ముసలాయన ఒకడు మంచం మీంచి లేచి, "ఎవరమ్మా చీనీపూలు తెచ్చింది?" అన్నాడంట.

అబద్ధమనుకుంటే ఖమర్‌బీని అడగొచ్చు. పదహారేండ్లుగా ఆ తోటలో పని చేస్తున్న మనిషి. ఈ కథలో సగం ఆమె పుట్టించిందే, ఇంకో పావు విన్నవాళ్లు కలిపింది. మిగిలిన పావు మాత్రం నిజం, అసలు నోరు తెరిపించేది ఆ పావే.

తిరుపాలమ్మ మాటల్లో ఎంత పొదుపంటే, పెండ్లిపీటల మీద పురోహితుడు పేరడిగితే గాజులు కదిలించి ఊరుకుందని చెప్పుకుంటారు. పుట్టిల్లు జమ్మలమడుగు, చదువు ఏడో తరగతి. ముప్పై ఏండ్ల కాపురంలో తోట గురించి ఎవరేమడిగినా ఆమె జవాబు ఒకటే: "నాకేం తెల్చు, ఆయన్ను అడగండి."

ఆయనంటే భర్త నారపరెడ్డి. ప్రతి చెట్టునూ తన చేత్తో నాటి పెంచినవాడు. తోట సంగతంతా ఆయన తలకాయలో ఉండేది. కిందటేడు కార్తీకంలో పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, దాంతోపాటు మాటా పోయింది. మూడు నెలలు ప్రొద్దుటూరు ఆస్పత్రిలో ఉన్నారు. తోట మాత్రం ఎవరి కోసమూ ఆగదు కదా. సరిగ్గా అది బెట్ట కాలం.

చీనీకి బెట్ట పెట్టడమంటే దప్పిక పెట్టడం. డిసెంబరులో నీళ్లు ఆపేస్తారు. ఆకు ముడుచుకుంటుంది, పండబారుతుంది, కొంత రాలుతుంది. చెట్టుకు ప్రాణభయం పుట్టినాక నీళ్లు వదిలితే ఒళ్లంతా పూస్తుంది. ముందే వదిలితే పూత రాదు, ఉత్త ఆకే వస్తుంది. ఆలస్యమైతే చెట్టే ఎండిపోతుంది. ఆ వదిలే దినం ఏదో పట్టుకోవడంలోనే చీనీరైతు గొప్పంతా ఉంది.

ఆ ఏడు తోట చూసింది మరిది ఓబుళరెడ్డి. పులివెందులలో ఎరువుల అంగడి నడుపుకుంటాడు. తోట అన్నదమ్ములిద్దరి ఉమ్మడి. అతను నల్లరేగడికి నలబై దినాలని లెక్కగట్టి, నలబయ్యో దినం పొద్దున్నే పైదీ కిందిదీ రెండు వాల్వులూ తిప్పినాడు. తోటలో పై సగం కాలిన చీపురుకట్టల మాదిరి నిలబడింది. కింది సగం పూసినా, ఆ కాపు కోత కోసేవాళ్ల కూలికే సరిపోయేటట్టు ఉంది.

"వదినా, ఇంకొక్క బెట్ట చూస్తా," అన్నాడు ఓబుళరెడ్డి. "ఈసారి గూడా ఇట్లే అయితే జేసీబీ పెట్టి పెరికిస్తా. అరటి పెట్టుకుందాం. ఏమంటావు?"

"నాకేం..." అనబోయి తిరుపాలమ్మ ఆగిపోయింది. అడగండి అని చూపించడానికి ఆ పక్క మనిషి ఉన్నాడు, మాట లేదు.

ప్రొద్దుటూరులో నారపరెడ్డి చేత కాలూ చెయ్యీ ఆడించే అమ్మాయి పేరు ప్రత్యూష. ఇంటికి పంపేటప్పుడు ఆమె ఒక పని అప్పజెప్పింది. "అమ్మా, రోజూ సాయంత్రం ఒక పది నిమిషాలు ఆయనతో మాట్లాడండి. ఆ రోజు ఏం జరిగిందో చెప్పండి. మందు కంటే అదే ముఖ్యం."

పది నిమిషాలు. తిరుపాలమ్మకు అది గండి కొండను ఇంటికి మోసుకు రమ్మన్నట్టు తోచింది.

మొదటి సాయంత్రం మంచం పక్కన కూర్చుని, "తోట బాగుండాది," అని చెప్పింది. పది నిమిషాల్లో తొమ్మిదిన్నర మిగిలిపోయాయి. రెండో సాయంత్రం, "ఖమర్‌బీ వచ్చింది." మూడో దినం చెప్పడానికి ఏమీ లేకపోయింది. నారపరెడ్డి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నాలుగో దినం అటక మీంచి కూతురు శిల్ప ఇంటర్ చదివినప్పటి బాటనీ రికార్డు దింపింది. ఒక పక్క గీతలు, ఒక పక్క బొమ్మలు గీసే తెల్లకాగితం. ముప్పావు పుస్తకం ఖాళీగానే ఉంది. దాన్ని చంకలో పెట్టుకుని, పెన్సిలు కొప్పులో గుచ్చుకుని తోటకు పోయింది.

ఖమర్‌బీకి ఆ పెన్సిలును చూసినాక పని మీద మనసు నిలవలేదు.

"ఏందక్కా, చెట్లకు హాజరు ఏస్తాండావా? నా పేరు గూడా రాసుకో. రేపు రాకపోతే సెలవుచీటీ పంపిస్తా."

"రాసినా."

"ఏమని రాసినావు?"

"ఖమర్‌బీ మాట్లాడతానే ఉండాది అని."

ఆ సాయంత్రం అది చదివి వినిపిస్తే నారపరెడ్డి గొంతులోంచి గురక మాదిరి ఒక శబ్దం వచ్చింది. మూడు నెలల తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు.

అట్లా మొదలైంది. మొదటి వారం రాతలు చీటీ మాదిరి ఉండేవి. మోటరు ఆడింది. కలుపు తీసినాం. ఆకు మీద పురుగు కనపడింది. ఆ పురుగు దగ్గర నారపరెడ్డి ఎడమచెయ్యి లేచి గాల్లో తిరిగింది. ఏ వరస, ఏ చెట్టు, ఆకు పైనా కిందనా అని. తిరుపాలమ్మ పురుగును చూసింది కానీ చెట్టును చూడలేదు. మరుసటి దినం పోయి చూసింది. తొమ్మిదో వరస, మూడో చెట్టు, లేత ఆకుల అడుగున. ముప్పై ఏండ్లుగా తిరుగుతున్న తోటలో ఆమె ఒక ఆకును తిప్పి చూడడం అదే మొదటిసారి. ఆ అడుగున ఇంకో లోకం ఉంది. గుడ్లు, పట్టు, చీమల దారి, ఇంత మంచుబొట్టు. ఆ పొద్దు అర పేజీ నిండింది.

చూసిందంతా రాస్తారని కంటికి తెలిసిపోతే అది ఊరకే ఉండదు. తిరుపాలమ్మ కన్ను ఎంత పదునెక్కిందంటే, రెండు మైళ్ల దూరాన కాకి ఏ కాలు మీద నిలబడిందో చెప్పేదని ఖమర్‌బీ ప్రచారం. అంత లేదు గానీ, ఏ చెట్టు నీడ ఏ వేళకు ఎంత పొడుగో చెప్పేది.

ఒక దినం సాయంత్రం ఆమె చదువుతూ చదువుతూ ఆగింది. ఆకుల సంగతి నడుమ తన రాతలోనే ఇట్లా ఉంది: "ఈ పొద్దు గాలికి కొమ్మలు ఊగుతాంటే జమ్మలమడుగు మతికొచ్చె. పెన్న ఇసకలో మా అక్కతో పందెం ఏసుకోని పరిగెత్తేదాన్ని. నేనే గెలిచేదాన్ని."

ఇది తాను రాసినట్టు ఆమెకు గుర్తు లేదు. అక్షరాలు తనవే. పరిగెత్తే ఆ పిల్ల ఎక్కడికి పోయిందో, ఎప్పుడు పోయిందో, ఇన్నేండ్లూ ఎవరూ అడగలేదు, తానూ అడుక్కోలేదు. పుస్తకంలోంచి ఎవరో తనకు తెలిసిన మనిషి తొంగి చూసినట్టయింది. నారపరెడ్డి ఎడమచెయ్యి చాచి ఆ పేజీ మీద తట్టినాడు. మళ్లీ చదవమని. ఆమె మళ్లీ చదివింది. ఈసారి గొంతు కొంచెం పెద్దది చేసుకుని.

మే నెలలో మోటరు కాలిపోయింది. పులివెందులలో వైండింగు చేయించి తెచ్చేసరికి ఆరు దినాలు పట్టింది. ఆ ఆరు దినాలూ ఆమె రాసింది. రాయడం తప్ప చేసేదేమీ లేదు మరి. జూలైలో ఆరో వరసలో చచ్చిన చెట్టును తీసేసి కొత్తది నాటేటప్పుడు ఖమర్‌బీ ఏమన్నదో, అది కూడా రాసింది. ఖమర్‌బీ అనేదంతా రాస్తే రికార్డు కాదు, బీరువా కావాలి. ఆ పొద్దు మాట ఎందుకో రాతలో పడింది.

డిసెంబరు వచ్చింది. నీళ్లు ఆపేసినారు. ఓబుళరెడ్డి వచ్చి క్యాలెండరులో నలబయ్యో దినానికి సున్న చుట్టి పోయినాడు. వాకిట్లో దిగిపోతూ, "జేసీబీ ఆయనకు చెప్పి పెట్టినా వదినా, ఎందుకైనా మంచిది," అన్నాడు. కోపంతో కాదు. అతనికీ ఆ చెట్లను అట్లా ఎండిపోయినవి చూడడం కష్టంగానే ఉంది.

తిరుపాలమ్మకు ఆ సున్న తప్ప ఇంకేమీ కనపడలేదు. పందొమ్మిదో దినం సాయంత్రం, కొత్తగా చదవడానికి మనసు రాక, పాత పేజీలు తిప్పి మోటరు కాలిన వారం తీసింది.

"మూడో దినం. ఒకటో వరస నుంచి పదకొండు దాకా మద్యాన్నానికే ఆకు దొన్నె మాదిరి ముడుచుకునె. పన్నెండు నుంచి ఏం కాలా. ఆరో దినం. పై వరసలు చూడలేకపోతి. కింద వరసలు ఇంకా పచ్చగానే ఉండాయి."

ఆమె వేళ్లు జూలై పేజీ వెతికినాయి.

"ఆరో వరసలో గుంత. ఖమర్‌బీ గడ్డపార మోకాలి లోతున టంగుమనె. ఏందక్కా, అడుగున గరుసు పరిచినారా అని తిట్టె."

తోట పైకంతా ఒకే నలుపు. ఎందుకంటే పెండ్లయిన కొత్తలో నారపరెడ్డి చెరువుమన్ను బండ్ల మీద తోలించి తోటంతా కప్పినాడు. ఆ బండ్ల వెనక నడిచింది తానే. కింద సగం నిజమైన నల్లరేగడి. పై సగం నల్లదుప్పటి కప్పుకున్న ఎర్రగరుసు, నీళ్లు నిలవని రాళ్లమన్ను. ఒకటి నలబై దినాలు తట్టుకునే చోట ఇంకొకటి అందులో సగానికే వాడిపోతుంది. తలకాయలో ఇంకేదో కదిలింది. ప్రతి ఏడూ సంక్రాంతికి ముందే నారపరెడ్డి ఒక్కడే పోయి ఒక వాల్వు తిప్పి వచ్చేవాడు. సద్దిమూట పట్టుకుని గట్టు మీద నిలబడి ఆమె అది చూసింది. ముప్పై ఏండ్లు చూసింది. ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

"పైవి ముందు వదిలేటోడివా?" అని అడిగింది.

నారపరెడ్డి ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఎంతసేపటికీ విడవలేదు. కండ్లలోంచి నీళ్లు చెవుల్లోకి జారిపోతున్నాయి.

ఆమెకు భయమేసింది. ఇంత సంగతి ఏడు నెలలుగా తన కొప్పు కింద, తన చంకలో, తన రాతలోనే కూర్చుని ఉంది. తనకు తెలుసని తనకే తెలియలేదు.

ఇరవై రెండో దినం పొద్దున పై వరసల ఆకును వేళ్లతో నలిపి చూసి, పై వాల్వు తిప్పింది. గంట తిరక్కుండానే ఓబుళరెడ్డి మోటరుసైకిలు తోటలోకి దూసుకొచ్చింది.

"ఎవురు వదలమన్యారు నీళ్లు?"

"నేనే."

"నువ్వా?" అతను ఖమర్‌బీ వైపు తిరిగినాడు, సాక్ష్యం కోసం.

"నన్నేం చూస్తావప్పా," అంది ఖమర్‌బీ. "నేను సెలవులో ఉండా."

తిరుపాలమ్మ రికార్డు తెరిచి చదివింది. మే నెల చదివింది, జూలై చదివింది. వదిన నోట ముప్పై ఏండ్లలో పది మాటలు కలిపి వినని ఓబుళరెడ్డి, రెండు పేజీలు నిలబడి విన్నాడు. అయిపోయినాక ఆమె గడ్డపార అతని చేతికిచ్చింది.

"ఆరో వరసలో తవ్వు. పద్దెనిమిదిలో గూడా తవ్వు."

అతను చొక్కా విప్పి గట్టు మీద పెట్టి తవ్వినాడు. ఆరో వరసలో మోకాలి లోతున టంగుమంది. పద్దెనిమిదిలో గడ్డపార పెరుగులో గరిటె మాదిరి దిగిపోయింది. లేచి చెమట తుడుచుకుని రెండు గుంతల వైపూ చూసినాడు.

"అన్న నాకెప్పుడూ చెప్పలేదే."

"నాకూ చెప్పలా."

"పూత రాకపోతే?"

"జేసీబీ తెచ్చుకో."

నీళ్లు వదిలినాక పద్దెనిమిది దినాలు తిరుపాలమ్మ రాసినవన్నీ ఒకటి రెండు మాటలే. చిగురు. చిగురే. ఆకా మొగ్గా తెలీలా. ఈ పొద్దు గూడా తెలీలా. నాలుగో వరసలో బియ్యపుగింజంత తెలుపు. ఆ గింజ పక్కన కాగితం మీద పెన్సిలు మొన దిగి చిల్లు పడింది.

ఆ పద్దెనిమిది దినాలు ముగిసేసరికి పై పదకొండు వరసలు పాలు పోసినట్టు తెల్లబడినాయి. నలబై ఒకటో దినం కింది వాల్వు తిప్పినారు. అదీ పూసింది. తోటలో అడుగు పెడితే గాలి కాదు, వాసనే ముక్కుల్లోకి పోయి వచ్చేది. ఓబుళరెడ్డి ఎవరికో ఫోను చేసి, "అప్పా, నీ జేసీబీ అవసరం పడదులే," అని చెప్పి, ఫోను పెట్టేసినాక కూడా చెట్ల కిందనే నిలబడినాడు.

నారపరెడ్డిని ఆటోలో తెచ్చి ఆరో వరస నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టినారు. సంగతి పాకి పక్క తోటల రైతులు వచ్చినారు. ఎవరొచ్చినా ఆయన చుట్టూనే చేరేది. "ఏం మామా, ఏం మందు కొట్టినారు? రెండు తడవలుగా వదిలే ఉపాయం ఎట్ల పట్టినారు?" అని ఒకరి మీద ఒకరు పడి అడిగినారు.

నారపరెడ్డి ఎడమచెయ్యి మెల్లగా లేచింది. చెట్ల వైపు కాదు, తన వైపు కాదు. గట్టు మీద కొప్పులో పెన్సిలుతో నిలబడిన ఆడమనిషి వైపు చూపించి అక్కడే ఆగింది. ఆమెను అడగండి.

అందరూ ఆ పక్కకు తిరిగినారు. ఈ సందు కోసమే ఖమర్‌బీ కాచుకుని ఉంది. రికార్డులో పూయండి అని రాయడం, నాలుగు నూర్ల చెట్లు తెల్లవారేసరికి పూయడం, బస్సు దారి మరవడం, అంతా ఒక్క ఊపిరిలో వినిపించింది. రైతులు నోరు తెరుచుకుని విని, నిజమేనా అన్నట్టు తిరుపాలమ్మను చూసినారు.

తిరుపాలమ్మ కొప్పులోంచి పెన్సిలు తీసి, రికార్డు తెరిచి, చెట్ల వరస ఒకసారి వేలితో చూసుకుంది.

"నాలుగు నూర్లు కాదు, మూడు నూర్ల డెబ్బై రెండు. పూసింది నేను రాసినందుకు కాదు, నీళ్లు వదిలినందుకు. అందులో తొమ్మిది పుయ్యలా. అది గూడా రాసినా."