ఏజెంటు ఇచ్చిన ఐదేళ్ళు

మా కొమురెల్లికి రెండు వయసులు. ఒకటి వాళ్ళ అవ్వ ఇచ్చింది, రెండోది గల్ఫ్ ఏజెంటు ఇచ్చాడు. అవ్వ లెక్కన నిరుటికి అరవై, ఏజెంటు లెక్కన అరవై ఐదు. మా ఖానాపూర్ చుట్టుపక్కల ఇదేమీ వింత కాదు. పదిహేడేళ్ళ పిల్లగాడికి పాస్‌పోర్టులో ఇరవై రెండు రాయించి విమానం ఎక్కించడం ఆ రోజుల్లో మామూలు సంగతి. పుట్టినరోజు ఎప్పుడంటే అందరిదీ జనవరి ఒకటే. తర్వాత వచ్చిన కార్డులన్నీ ఆ పాస్‌పోర్టు చూసి పుట్టినవే కాబట్టి, ఏజెంటు మాటే శిలాశాసనం అయింది.

ఇదంతా నాకెందుకు తెలుసంటే, బస్టాండు ఎదురుగా ఉన్న జిరాక్సు దుకాణం నాది. దరఖాస్తులు నింపడం నా పని. కార్డులో ఏముంటే అది ఎక్కిస్తాను. కార్డు నిజం చెబుతుందా అని ఆరా తీస్తూ కూర్చుంటే దుకాణం మూసుకోవాల్సిందే. పైగా కొమురెల్లీ నేనూ ఏడో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం. వాడి అసలు వయసు నాకు తెలియదంటే ఎవరు నమ్ముతారు? ఈ కథలో సిగ్గుపడాల్సింది వాడొక్కడే కాదు. ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను.

ఇరవై ఆరేళ్ళు ఎడారిలో మేకల వెంట తిరిగాడు కొమురెల్లి. వచ్చాక ఉన్న రెండెకరాల్లో పసుపు, మక్క వేసుకుని బతుకుతున్నాడు. నాలుగేళ్ళ కింద షుగరు బయటపడింది. డాక్టరు నడవమన్నాడు. సదర్మాట్ కాలువ గట్టు మీద నెల రోజులు నడిచి, నడక విసుగొచ్చి ఉరకడం మొదలుపెట్టాడు. మొదట్లో లుంగీ ఎగ్గట్టి ఉరికేవాడు. నాట్లకు పోయే ఆడవాళ్ళు ఆగి మరీ చూసేవాళ్ళు.

"ఎవలు తరుముతుండ్రే కొమురెల్లీ?"

"షుగరు తరుముతున్నదే" అనేవాడు ఆగకుండా.

బిడ్డ అలేఖ్య కరీంనగర్ నుంచి బూట్లూ నిక్కరూ కొని తెచ్చింది. అసలు గొడవ అప్పుడు మొదలైంది. భార్య శంకరవ్వ వాకిట్లో నిలబడి నాతో మొరపెట్టుకుంది. "మల్లేషన్నా, నువ్వన్న జర చెప్పు. మనుమలను ఎత్తుకునే వయసుల గా నిక్కరేంది, గా తొడలేంది? ఆయనకు లేకున్నా నాకున్నది సిగ్గు!" కొమురెల్లి మధ్యే మార్గం కనిపెట్టాడు. ఇంటి నుంచి లుంగీలో పోయి, తూము దగ్గర లుంగీ విప్పి గోడ మీద పెట్టి, నిక్కరులో ఉరికి, మళ్ళీ లుంగీ చుట్టుకుని వచ్చేవాడు. ఊరు నవ్వితే వాడూ నవ్వేవాడు. అప్పట్లో మేం సిగ్గు అంటే అదే అనుకున్నాం.

రెండేళ్ళలో వాడు ఉరికే తీరు మారిపోయింది. వారంలో రెండు రోజులు గోదావరి ఒడ్డు దాకా మెల్లగా పోయి రావడం, రెండు రోజులు తూము నుంచి తూముకు ఊపిరి ఆగేంత వేగంగా ఉరకడం. పొద్దున్నే మక్క గట్క తాగి, ఆ వేగం రోజుల్లో నన్ను లేపేవాడు. నేను మోపెడు మీద వెనకాలే పోతూ ఫోనులో టైము చూసేవాణ్ణి. ఒకసారి పదిహేను సెకన్లు తగ్గించానని పసుపు చేను గట్టు మీద చిన్నపిల్లాడిలా చిందులేశాడు. బడిలో ఉన్నప్పుడు వాడు దేంట్లోనూ మొదట వచ్చినవాడు కాదు. ఎడారిలో మొదట రావడానికి పక్కన మనుషులే లేరు. అరవై దగ్గరపడ్డాక వాడికి ఆ రుచి తగిలింది.

నిరుడు నవంబరులో కరీంనగర్‌లో పెద్దవయసు వాళ్ళకు రాష్ట్రస్థాయి పరుగుపందాలని తెలిసింది. మొదటి ఇద్దరిని ఆలిండియా పోటీలకు పంపుతారు. ఫారం నేనే నింపాను. వయసును బట్టి ఐదేళ్ళకొక గుంపు. కార్డు చూసి అరవై ఐదు దాటినవాళ్ళ గడిలో టిక్కు పెట్టాలి. పెట్టేటప్పుడు నా చేయి ఒక్క క్షణం ఆగింది. తర్వాత, మావాడు గెలిస్తే బాగుండని టిక్కు పెట్టేసింది. కొమురెల్లికి ఏ గుంపో చెప్పలేదు. వాడూ అడగలేదు. ముసలోళ్ళంతా ఒకటే అనుకున్నాడు.

స్టేడియంలో చెట్టు కింద మా పక్కన ఒకాయన కూర్చున్నాడు. సన్నటి మనిషి, తెల్ల మీసాలు. పేరు అంతయ్య, ఊరు జైనూర్. నలభై ఏళ్ళు పోస్టు సంచి మోసి ఆ మార్చిలోనే రిటైరయ్యాడట. గుట్టల్లో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి కొన్నాళ్ళు కాలినడకన, కొన్నాళ్ళు సైకిలు మీద తిరిగాడు. సంచిలోంచి ఉప్పు చల్లిన నిమ్మకాయ ముక్క తీసి కొమురెల్లికిచ్చాడు. మాటల్లో మాటగా అన్నాడు: "నలభై ఏండ్లు మంది ఉత్తరాలు మోసిన. నా పేరు మీద ఒక్క కాయితం రాలే. దీంట్ల సెలెక్టయితే ఇంటికి ఉత్తరం పంపుతరంట. గదొక్కటి సూడాలె."

తర్వాత మామూలే, వరస కలుపుకోవడానికి వయసు అడిగాడు. కొమురెల్లి అలవాటు కొద్దీ కార్డులోది చెప్పాడు. "పంతొమ్మిది వందల అరవై, జనవరి ఒకటి."

"నాది మార్చి అరవై. ఊరి పోస్టు నౌకరి గద, అరవై ఐదు దాకుంటది. పదో తరగతి మెమో మీదున్నది, పక్కా లెక్క" అని నవ్వాడు అంతయ్య. "అయితే నువ్వే పెద్దోనివి. అన్నా అంట."

కొమురెల్లి నిమ్మకాయ చప్పరించడం ఆపాడు. అప్పుడే మైకులో అరవై ఐదు దాటినవాళ్ళు గీత దగ్గరికి రావాలని పిలిచారు. అంతయ్య లేచాడు. కొమురెల్లి నా వైపు చూశాడు.

"గీడ వయసు సూస్తరారా?"

"సూస్తరు. నువ్ పో, నీ కార్డుల గట్లనే ఉన్నది కదా" అన్నాను.

వాడు పోయాడు.

ఐదు వేల మీటర్లు, పన్నెండున్నర చుట్లు. పదకొండు మంది బయల్దేరారు. ఆరో చుట్టుకు ముగ్గురే మిగిలారు ముందు వరసలో: మా వాడు, వాడి వెనక నాలుగడుగుల దూరంలో అంతయ్య, ఆ వెనక హైదరాబాదు నుంచి వచ్చిన బ్యాంకు ఆఫీసరు. అంతయ్య పరుగు చూడముచ్చటగా ఉంది. గుట్ట ఎక్కేవాడిలా పొట్టి అడుగులు, భుజాలు కదలవు. ఆఖరి చుట్టు గంట కొట్టేసరికి ఆయన కొమురెల్లి భుజం దాకా వచ్చేశాడు. కొమురెల్లి ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. అంతే, తూము నుంచి తూముకు ఉరికినట్టు ఉరికాడు. అంతయ్య పట్టు వదలకుండా వెంటబడ్డాడు. వంద మీటర్లు పోయాక ఆయన కాళ్ళు బరువెక్కాయి. చివర్లో బ్యాంకు ఆఫీసరు పక్క నుంచి దాటిపోయాడు. కొమురెల్లి మొదట, అంతయ్య మూడు.

నేను గీత దగ్గరికి అరుచుకుంటూ పోయాను. ఫోటో తీద్దామని ఫోను ఎత్తాను. అంతయ్య రొప్పుతూ వచ్చి, నిలబడలేక మోకాళ్ళ మీద వంగాడేమో అనుకున్నాను. కాదు. కొమురెల్లి బూట్లు రెండు చేతులా ముట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

"నాకంటె పెద్దోనివి, ఎట్ల ఉరికినవ్ అన్నా! దీవించు, వచ్చేసారన్న గెలుస్త."

కొమురెల్లి రెండడుగులు వెనక్కి జరిగాడు. పెద్దవాడు చిన్నవాడికి మొక్కితే చిన్నవాడి ఆయుష్షు తరుగుతుందని మా పెద్దలంటారు. మా ఇళ్ళల్లో ఆటకు కూడా ఎవరూ మొక్కించుకోరు. అక్కడ వద్దనాలంటే, ఎందుకు వద్దో చెప్పాలి. చుట్టూ జనం. కొమురెల్లి చేయి చాచి అంతయ్య తల మీద ఆనించాడు.

"సల్లగుండు" అన్నాడు. ఆ మాట నాకే సరిగా వినపడలేదు.

నేను ఫోటో తీశాను, పేపరు వాళ్ళకు పంపాను కూడా. మర్నాడు జిల్లా పేజీలో పడింది. కింద 'పెద్దరికానికి వందనం' అని రాశారు. నా దుకాణం గోడకు అంటించాను. ఊళ్ళో వాళ్ళు శాలువా తెచ్చి, మెడలో పతకంతో ఉన్న కొమురెల్లికి కప్పారు. నిక్కరును చూసి నవ్వినవాళ్ళే చప్పట్లు కొట్టారు. శంకరవ్వ మెడ ఇంతెత్తు లేచింది. వాడు మాత్రం శాలువా కింద తల దించుకుని కూర్చున్నాడు. ఎంత మర్యాదస్థుడో అని అందరూ మెచ్చుకున్నారు.

ఆ తర్వాత వాడు గట్టు మీదికి రాలేదు. వారం చూసి ఇంటికి పోతే, శంకరవ్వ గుసగుసగా చెప్పింది. "షుగరు పెరిగిందేమోనన్నా, బువ్వ తింటలేడు. బూట్లు అటుక మీద పారేసిండు. ఏమైందంటే తిడుతుండు."

మర్నాడు వాడే దుకాణానికి వచ్చాడు. గోడ మీది పేపరు ముక్కను పీకి నలిపాడు.

"ఉత్తరం రాయి. నా వయసు తప్పని రాయి. గా పోటీ పెట్టినోళ్ళకు."

"పిచ్చి లేసిందా? ఒక బిళ్ళ కోసం పాస్‌పోర్టు, ఆధారు అన్నీ తప్పని నీ చేతులతోని నువ్వే రాసిస్తవా? దేశమంతా గట్లనే ఉన్నది. నువ్వు చేసిన తప్పేంది, ఏజెంటు చేసిండు."

"ఏజెంటు ఉరుకలే కదరా" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. రాయను పో అన్నాను. నిజం చెప్పాలంటే, ఆ ఉత్తరం రాస్తే టిక్కు పెట్టిన చేయి నాదని నేనూ ఒప్పుకోవాలి. వాడు వెళ్ళిపోయాడు. మా పాత బడికి పోయి, హెడ్మాస్టరును బతిమాలి, రిజిస్టరులోంచి అసలు పుట్టిన తేదీ రాయించుకున్నాడు. ఏడో తరగతి చదువుతో, వంకర అక్షరాలతో వాడే ఉత్తరం రాసి పంపాడు. పోస్టు డబ్బాలో వేసేటప్పుడు చూశాను. నా దుకాణం ముందు నుంచే పోయాడు, నా వైపు తిరగలేదు.

జవాబు రావడానికి రెండున్నర నెలలు పట్టింది. గెలుపు రద్దు, బ్యాంకు ఆఫీసరు మొదటివాడు, అంతయ్య రెండోవాడు. అయితే ఆలిండియా పోటీలు అప్పటికి పది రోజుల కిందే అయిపోయాయి. ఆ కాగితం పట్టుకుని కొమురెల్లి నా దగ్గరికే వచ్చాడు. ఇంకెవరి దగ్గరికి పోతాడు? "జైనూర్ పోదాం పా. ఒక్కన్ని పోలేను" అన్నాడు. దుకాణం షట్టరు దించేశాను.

ఉట్నూరులో బస్సు మారి మధ్యాహ్నానికి చేరాం. అంతయ్య వాకిట్లో మంచం మీద కూర్చుని చిక్కుడు కాయలు తుంచుతున్నాడు. కొమురెల్లిని చూడగానే ముఖం విప్పారింది. "అన్నా! రా, రా! యాదవ్వా, కరీంనగర్ల గెలిచిన అన్నొచ్చిండు, చాయ్ పెట్టు" అని భార్యను కేకేశాడు. లేచి మళ్ళీ మొక్కబోయాడు.

కొమురెల్లి గబుక్కున ఆయన చేతులు పట్టుకున్నాడు. "మొక్కకు. నేను నీకంటె ఐదేండ్లు చిన్న." అక్కడే నిలబడి అంతా చెప్పాడు. ఏజెంటు, పాస్‌పోర్టు, ఉత్తరం, జవాబు. ఫారం నింపింది నేనని మాత్రం చెప్పలేదు. నేను చెప్పాలి. నోరు తెరిచి, వయసు తెలిసే టిక్కు పెట్టానని చెప్పాను. అంతయ్య నా వైపు కూడా చూడలేదు.

కొమురెల్లి పతకాన్ని మంచం మీద పెట్టి, ఆయన కాళ్ళ మీదికి వంగాడు. అంతయ్య కాళ్ళు మంచం మీదికి లాక్కున్నాడు.

"వద్దు. నువ్ మొక్కితే నేను దీవించాలె. నాకు నోరు రాదు."

యాదవ్వ చాయ్ గ్లాసులతో గడపలోనే ఆగిపోయింది. అంతయ్య అడిగాడు.

"గీతకాడ నిలవడ్డప్పుడు ఎరుకనేనా నీకు?"

"ఎరుకనే."

"నోటితోని చెప్పనీకి సిగ్గయితే, మెల్లగ ఉరుకరాదు?"

మూడు నెలలుగా నాతో కూడా అనని మాట కొమురెల్లి అప్పుడన్నాడు.

"ఆఖరి చుట్టుల ఎనుకకు సూసిన. నువ్వు దగ్గరికొచ్చినవ్. నీ ఉత్తరం ముచ్చట యాదికొచ్చింది. అయినా ఓడబుద్ధి కాలే. పానమంత పెట్టి ఉరికిన."

అంతయ్య చిక్కుడు కాయల గంప పక్కకు జరిపాడు. మమ్మల్ని తిడతాడేమోనని చూశాను. తిడితే బాగుండేది. పతకాన్ని తీసి కొమురెల్లి చేతిలో పెట్టి, "చాయ్ తాగుండ్రి. నాలుగున్నరకు ఆఖరి బస్సు" అని లోపలికి పోయాడు. మేం చాయ్ తాగాం. యాదవ్వ ఖాళీ గ్లాసులు తీసుకుంది. ఆయన మళ్ళీ బయటికి రాలేదు.

బస్సు ఊరు దాటి మలుపు తిరిగేసరికి గుట్ట దారిలో అంతయ్య కనిపించాడు. దొడ్డిదారిన బయల్దేరినట్టున్నాడు. పొట్టి అడుగులతో, భుజాలు కదలకుండా ఎగువకు ఉరుకుతున్నాడు. బస్సు కూడా అక్కడ మెల్లగానే ఎక్కుతుంది కాబట్టి కొంతసేపు మా కిటికీ పక్కనే ఉన్నాడు. కొమురెల్లి ఆయన్ని చూశాడు. చూసి, ముందు సీటు వెనకాల తల దాచుకుని, బస్సు ఆయన్ని దాటిపోయే దాకా కిందికి వంగి కూర్చున్నాడు.