చప్పుడు లేని అష్టాచమ్మా

మా నానమ్మ సంపూర్ణ అష్టాచమ్మాలో పచ్చి దొంగ. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే ఈ మనిషే, ఇంట్లో చెయ్యి అడ్డం పెట్టి కాయను ఒక గడి ముందుకు తోస్తుంది. ఒట్టెయ్యమంటే ఒట్టు పెట్టుకోకూడదని బైబిల్ వాక్యంలో ఉందంటుంది. ఇలాంటి ఆవిడతో ఏం వాదిస్తాం?

పినపాక దగ్గర బొగ్గు గని క్వార్టర్లలో మా ఇల్లు. తాతయ్య ఆ గనిలోనే పనిచేశాడు, ఇప్పుడు నాన్న ఎబినేజర్ డంపర్ నడుపుతున్నాడు. రాత్రి షిఫ్టు వారం వచ్చిందంటే పగలంతా నాన్నకు నిద్ర, మా నోళ్లకు తాళం. కుక్కర్ కూత వేయడానికి వీల్లేదు. కూరగాయల బండివాడు సైతం నానమ్మ చూపుకు జడిసి మా గుమ్మం దాటాకే అరుస్తాడు. తాతయ్య రోజుల్లో పిల్లల్ని పగటిపూట కిమ్మనకుండా ఉంచడానికి ఆవిడే ఈ ఆట పద్ధతి పెట్టింది. చింతగింజలు మడిచిన దుప్పటి మీదే వేయాలి. మాట్లాడకూడదు. నవ్వినవాళ్ల వంతు పోతుంది.

నేను భద్రాచలంలో నర్సింగ్ చదువుతున్నాను. మొదటి ఏడాది వైవాలో మేడమ్ గుండె గురించి అడిగితే నా నోరు పెగల్లేదు. అన్నీ తెలుసు, ఒక్కటీ బయటికి రాలేదు. ఫెయిల్. మళ్లీ ఒక్క అవకాశం ఇచ్చారు. అదీ పోతే తోటివాళ్లంతా రెండో ఏడాదికి వెళ్తారు, నేను వెనకే మిగిలిపోతాను. ఇంటికొచ్చి, అన్నం మానేసి, పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఏడుస్తూ కూర్చున్నాను.

"లే మైమా, ఒక ఆట ఆడుదం రా," అంది నానమ్మ గుసగుసగా.

"పరీక్ష పెట్టుకొని ఆటేంది నానమ్మా?" ఒళ్లు మండింది నాకు.

"గట్ల ఏడుస్తే మీ నాయిన లేస్తడు. ఏడ్చుడన్నా బంద్ చెయ్, ఆటన్నా ఆడు."

ఇదేం న్యాయమో నాకిప్పటికీ అర్థం కాదు. నేను సణుగుతుండగానే ఆవిడ చింతగింజల డబ్బా తెచ్చి దుప్పటి పరిచేసింది. అమ్మ కూడా వంటింట్లోంచి వచ్చి చేరింది. కాసేపటికే నానమ్మ నా కాయను చంపింది. చంపి ఊరుకుందా? కళ్లద్దాలు ముక్కు కొసకు దించి, అరచేతులు బైబిల్లా తెరిచి, పెదవులు మాత్రమే కదుపుతూ ప్రార్థన చేసింది. కాయను మెల్లగా పడుకోబెట్టి, గుప్పెడు మట్టి వేసినట్టు చెయ్యి ఆడించింది. నా కాయకు సమాధి కార్యక్రమం అన్నమాట. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను నాలుకను అంగిటికి అదిమిపెట్టి, ఫ్యాను వైపు చూస్తూ, ముక్కుతో ఊపిరి తీస్తూ ఎలాగో ఆపుకున్నాను. లోపల నవ్వు గిరగిరా తిరిగి ఆకలి పుట్టించింది. ఆ పూట మారు అన్నం కూడా పెట్టించుకున్నాను.

ఇక వైవాకు వెళ్లేదాకా అదే వరస. పొద్దున చదువు, మధ్యాహ్నం సమాధులు.

వైవాలో మళ్లీ అదే మేడమ్. "హార్ట్ గురించి చెప్పమ్మా," అంది. పోయినసారి లాగే ఒక్క ముక్కా బయటికి రాలేదు. సరిగ్గా అప్పుడే మేడమ్ కళ్లద్దాలు ముక్కు కొసకు దించుకుని, పెన్నును ఫైలు మీద మెల్లగా పడుకోబెట్టింది. ఇంకేముంది, నవ్వు తన్నుకొచ్చింది. వెంటనే నాలుక అంగిటికి, చూపు ఫ్యాను మీదికి. నవ్వు మింగే హడావుడిలో భయపడటం మర్చిపోయాను. గదులు, కవాటాలు, రక్తం వచ్చే దారి, పోయే దారి గడగడా చెప్పేశాను. చివరికి మేడమే చెయ్యి అడ్డం పెట్టింది.

"చాలు తల్లీ, పాసైనవ్. ఇంక ఊపిరి తీసుకో."

బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేశాను. అక్కడ నాన్న ఇంకా నిద్రలోనే ఉన్నాడు.

"ఏమైందే?" నానమ్మ గుసగుస.

"అన్నీ చెప్పిన నానమ్మా. పాసైన."

ఆవిడ ఫోన్ పక్కన పెట్టేసిన చప్పుడు వినిపించింది. ఏడుస్తోందేమో అనుకున్నాను. అంతలో చింతగింజల డబ్బా వట్టి నేల మీద బోర్లించిన మోత, దాని వెనకే గరిటెతో స్టీలు పళ్లెం వాయించిన మోత. తాతయ్య కాలం నుంచీ పగటి నిద్రలకు కాపలా కాసిన మనిషి చేసిన మోత అది.

"ఎవరది? ఏమైంది?" నాన్న నిద్రగొంతు.

"లేరా ఎబినేజరూ," అంటోంది నానమ్మ, గొంతంతా తెరిచి. "నీ బిడ్డ గెలిచింది. ఇంకెంతసేపు పంటవ్?"