నర్సక్క ఊడ్చిన ఇప్పచెట్టు

“ఈ చెట్టు కింద ఊడ్చింది నేను వదినె” అన్నాడు ఐలన్న, గంప చంకలో పెట్టుకుని.

మా పెద్దమ్మ నర్సక్క కొంగు నడుముకు బిగించింది. మా వైపు పువ్వు రాలకముందే ఎవరు చెట్టు కింద ఆకులు కాల్చి ఊడుస్తారో, ఆ ఏడు పువ్వు వాళ్లదే. కాగితం, సంతకం ఏమీ ఉండవు.

“ఊడ్చినోనివైతే జెప్పు. ఆ మూలకు జరంత ఆకు ఎందుకు ఇడిచిపెట్టినవ్?”

“మంట అంటుకోలే.”

“నీ మీసం అంటుకుంటది గని ఎండాకు అంటుకోదా?”

పెద్దమ్మ కూర్చుని పుల్లతో ఆకులు జరిపింది. లోపల నాలుగు కౌజుపిట్ట గుడ్లు. “ఊడ్చినోనికి వీటి సంగతి ఎర్కుండదా, ఐలన్నా?”

చుట్టుపక్కల చెట్ల కింద ఏరుతున్నవాళ్లు పకపకా నవ్వారు. ఐలన్న గంప బోర్లించబోతే పెద్దమ్మే ఆపింది. “ఏరినకాడికి తీస్కపో. నీ పిల్లలకు కడుపుల్లేవా? రేపు మాత్రం వస్తివా, సూడు మల్ల!”

నోరు అంత, మనసు ఇంత కాదు ఆమెది. రెండూ పెద్దవే.

అది యాభైల్లో, వానలు మొహం చాటేసిన ఏడు. వరి గడ్డికి కూడా పనికిరాలేదు. నాన్న, పెద్దనాన్న ఏటపల్లి వైపు అడవిలో కలప కోతకు కూలికి పోయారు. ఇంట్లో తొమ్మిది మందిమి: నాయనమ్మ, పెద్దమ్మ, పచ్చి బాలింత అయిన మా అమ్మ, ఆరుగురు పిల్లలం. వానల దాకా మమ్మల్ని బతికించాల్సింది ఆ ఒక్క చెట్టు పువ్వే.

ఎండబెట్టిన పువ్వును పెద్దమ్మ వేయించిన చింతగింజలతో ఉడికించేది. మోదుగాకుల్లో వడ్డిస్తే వేళ్లు నాకుతూ తినేవాళ్లం. కరువంటే ఏమిటో పెద్దవాళ్ల మొహాల్లో ఉండేదేమో, మా ఆకుల్లో మాత్రం కనబడలేదు. ఇప్పుడు నాలుగు కూరలు చేసినా వంకలు పెట్టే మనవళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది.

చెట్టు దగ్గర నోట్లో వేసుకోవడం మాత్రం కుదరదు. ఒకరోజు నేను రెండు పువ్వులు మింగి వచ్చాను. ఇప్పవాసన దాగుతుందా? పెద్దమ్మ తిట్టలేదు. తినేటప్పుడు నా ఆకులోంచి రెండు పువ్వులు తీసి తమ్ముడి ఆకులో వేసింది. “అక్క బాకీ కట్టిందిరా” అంది. నాయనమ్మ కూడా నవ్వింది. నా మొహం మాడిపోయింది.

ఇంకా పది రోజుల పువ్వు ఉందనగా పెద్దమ్మ కాలిలో రేగుముల్లు విరిగింది. పాదం గుమ్మడికాయలా వాచింది. ఒక్క తెల్లవారుజాము పోకపోతే ఆనాటి పువ్వంతా ఎలుగుబంట్లకే. పిల్లల్లో పెద్దదాన్ని నేనే. తొమ్మిదేళ్లు, రెండో తరగతి. నా చదువు అక్కడే ఆగింది. జాలిపడేవాళ్లు వేరే ఎవరినైనా చూసుకోండి, నేను బాగానే బతికాను.

పెద్దమ్మ అంతకుముందు ఎవరినీ ఏదీ అడిగి ఎరగదు, చెప్పడమే. ఆ సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, గొంతు తగ్గించి అడిగింది:

“బిడ్డా, పంతులుకు నేను చెప్పుకుంట. పువ్వు ఒడిసేదాంక బడి మాని, జర చెట్టు కాడికి పోతవా?”